విప్పి చూడకుండానే ‘కొత్తది కొనేయండి’ అంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పలాస-కాశీబుగ్గ. మా ఇంట్లో కంప్యూటర్ 2016లో కొన్నది. తమ్ముడు తను పనిచేసే జీడి ఫ్యాక్టరీ లెక్కలు ఇంటికి తెచ్చుకుని అందులోనే చేస్తాడు, అమ్మాయి డిగ్రీ అసైన్‌మెంట్లు అందులోనే, నాన్నగారి పొలం అడంగల్, 1బీ చూడాలన్నా దాని ముందే కూర్చుంటాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక, కరెంటు తిరిగొచ్చిన రోజునే దాని పవర్ సప్లై కాలిపోయింది. అదొక్కటీ మార్చి ఇన్నాళ్లూ వాడుకున్నాం. ఈ మధ్య మాత్రం స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెర పూర్తిగా తెరుచుకోవడం లేదు, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా కదలదు.

బాక్సు ఆటోలో పెట్టుకుని దుకాణానికి తీసుకెళ్తే, అక్కడున్నాయన పక్క మూత కూడా విప్పలేదు. ‘పాతదైపోయిందండీ, విండోస్ 10కి సపోర్టు కూడా ఆపేశారు, కొత్తది 45 వేల్లో వస్తుంది, దీనికి వెయ్యి ఇస్తాం’ అన్నాడు. 45 వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. రెండు రోజులు అందరికీ అదే టెన్షన్.

ఆదివారం మా వీధిలో పాలిటెక్నిక్ చదివిన కుర్రాడు వచ్చి, కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. ‘మావయ్యా, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్కే 100 శాతం దగ్గర కొట్టుకుంటోంది చూడు’ అన్నాడు. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటే ఒక ముల్లు లాంటిది అటూ ఇటూ పరుగెత్తి ఒక్కో ముక్కా వెతుక్కోవాలట, దాని బదులు వాడే ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు కాబట్టి అడిగింది వెంటనే ఇస్తుందట. పైగా మా దాంట్లో ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వాడుకునే మెమరీ, 4 జీబీయే. అది చాలనప్పుడు కంప్యూటర్ ఆ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది, అంటే అసలే నెమ్మదిగా ఉన్నదాని మీద ఇంకో బరువు. 240 జీబీ ఎస్ఎస్‌డీ కొత్తది, ఇంకో 4 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌ది వేయించాం. మొత్తం నాలుగు వేలు దాటలేదు. ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటోంది.

దుకాణం ఆయన చెప్పిందంతా తప్పని అనను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసిన మాట నిజమే. కంప్యూటర్ ఆగిపోదు గానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, మైక్రోసాఫ్ట్ దగ్గర పేరు నమోదు చేసుకున్నవాళ్లకి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో ఉండాలి. మాది ఆరో తరం. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోతుందేమో అని ఆశపడ్డాను. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చూడ్డానికి ఒకేలా ఉన్నా మా మదర్‌బోర్డు ఎనిమిదో తరాన్ని తీసుకోదట. ఇక బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చడమంటే కొత్తది కొన్నట్టే, అక్కడ పాతదాని మీద డబ్బు పోయడం దండగ. అందుకే బ్యాంకు పనులకీ, మామూలు చూసుకోవడానికీ విండోస్ పక్కనే దాని బదులు వాడుకునే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వేయించాం, దానికి పైసా ఖర్చు లేదు. తమ్ముడు లెక్కలు చేసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అందులో నేరుగా నడవదు కాబట్టి విండోస్ అలాగే ఉంచాం, నమోదు కూడా చేయించాం. ఆ అప్‌డేట్లు ఆగేలోపు నెలనెలా కొంత దాచి తన పనికి కొత్తది కొనాలని అనుకున్నాం. అప్పటికి ఇది అమ్మాయికీ నాన్నగారికీ పనికొస్తుంది.

నా బాధల్లా ఒకటే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు మూత విప్పకుండానే మొత్తం మార్చమనకూడదు. డిస్కా, ర్యామా, ప్రాసెసరా, ఏది అడ్డుపడుతోందో కాగితం మీద రాసి ఇస్తే, ఉంచుకోవాలో మార్చుకోవాలో ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకుంటారు. వందో రెండొందలో చూసినందుకు తీసుకోండి, ఇస్తాం.

ఇంకొకటి, ఆ వెయ్యి రూపాయలకి బాక్సు ఇచ్చేసి ఉంటే లోపలి డిస్క్ కూడా వెళ్లిపోయేది. అందులో మా అందరి ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్లు, అమ్మ ఉన్నప్పటి ఫోటోలు ఉన్నాయి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి డిస్క్ మీంచి నిజంగా పోవు. అందుకే పాత డిస్క్‌ని తీయించి బీరువాలో పెట్టాను.

2023 ఏప్రిల్ 1 నుంచి ఈ-వ్యర్థాల (పాడైన ఎలక్ట్రానిక్ సామాన్ల) మీద కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. కాలిపోయిన ఆ పవర్ సప్లై మాత్రం ఇప్పటికీ మా అటక మీదే ఉంది. ఇలాంటివి మన జిల్లాలో ఎక్కడ ఇవ్వాలో మున్సిపాలిటీ వాళ్లని అడిగి, మీ జిల్లా పేజీలో వేయగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా