పర్యాటక పేజీలో భోజనానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆసియా దేశాల గురించిన యాత్రా కథనాలు ఆలయాలకు, బీచ్‌లకు ఇచ్చే ప్రాధాన్యం అక్కడి భోజనానికి ఇవ్వకపోవడం విచారకరం. సింగపూర్‌లో చిరు దుకాణాల్లో భోజనం వండి అమ్మే ‘హాకర్’ సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందే, 2016లో, అక్కడి రెండు హాకర్ దుకాణాలకు, రెస్టారెంట్లకు రేటింగ్ ఇచ్చే మిషెలిన్ గైడ్ నక్షత్రాలు దక్కాయి. వియత్నాం రాజధాని హనోయ్‌లో పొద్దున్నే కాలిబాట మీద పొట్టి ప్లాస్టిక్ స్టూళ్లపై కూర్చుని, పొగలు కక్కే ఎముకల రసంలో బియ్యపు నూడుల్స్, సన్నగా తరిగిన మాంసం, ఉల్లికాడలు వేసిన ‘ఫో’ తినే స్థానికులను చూస్తే ఆ నగరం దినచర్య కళ్లకు కడుతుంది. ఇలాంటి చోట్ల తరచూ ఒకటి రెండు వంటకాలే వండుతారు కాబట్టి, స్థానికుల రద్దీ ఉన్నచోట పదార్థాలు నిల్వ ఉండవు. నా దృష్టిలో ఏ రేటింగ్ కన్నా అదే నమ్మదగిన గుర్తు. శాకాహారులు మాత్రం చేపల సాస్ కలిపారేమో ముందే అడగాలి. ఏ వంటకం ఏ వేళ దొరుకుతుందో, ఎలా అడగాలో తెలిపే వివరాలను మీ పర్యాటక పేజీలో ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకురాలు