ఆ నాటకాన్ని ఆపనివ్వకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఊరి హైస్కూల్లో వచ్చే ఏడాది నుంచి నాటకాలకు డబ్బు ఇవ్వడం మానేయాలని స్కూల్ బోర్డు ఆలోచిస్తోంది. బడ్జెట్ చాలడం లేదట. మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చాలామంది "మంచిదేగా, ఆ టైములో మ్యాథ్స్ చేసుకుంటారు" అని రాశారు. అది చూసి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి వసంతంలో మా అమ్మాయి వాళ్లు 'అవర్ టౌన్' వేశారు. థార్న్‌టన్ వైల్డర్ రాసిన ఈ నాటకం 1938 జనవరిలో మొదటిసారి ఆడింది మా రాష్ట్రంలోనే, ప్రిన్‌స్టన్‌లోని మెకార్టర్ థియేటర్లో. ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పటినుంచి అమెరికాలో హైస్కూళ్లు, చిన్న ఊళ్ల నాటక బృందాలు దీన్ని వేస్తూనే ఉన్నాయి. 2024లో న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీదకు మళ్లీ వచ్చింది.

తెర లేదు, సెట్టింగులు లేవు. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, రెండు నిచ్చెనలు. మన సూత్రధారుడిలాగే స్టేజ్ మేనేజర్ అనే పాత్ర వచ్చి, ఇది న్యూ హాంప్‌షైర్‌లో గ్రోవర్స్ కార్నర్స్ అనే ఊరు, ఇది 1901 అని చెబుతాడు. పాలవాడు వస్తాడు, అతని గుర్రం మనకు కనపడదు. ఇద్దరు ఇల్లాళ్లు కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తుంటారు, చేతుల్లో ఏమీ ఉండదు. సురభి వారి సెట్టింగులు, మాయలు చూసి పెరిగినదాన్ని, మొదట ఇదేం నాటకం అనుకున్నాను. కాసేపటికి ఆ బీన్స్ కనపడ్డాయి. అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచే మా అమ్మా కనపడింది.

మూడో అంకం మొదలయ్యేసరికి ఎమిలీ కాన్పులో పోయి ఉంటుంది. ఆమె ఆ ఊరి పత్రికా సంపాదకుడి కూతురు. బతికిన రోజుల్లో ఒకదానికి తిరిగి వెళ్లాలనుకుంటుంది. అంతకుముందే చనిపోయిన అత్తగారు, గొప్ప రోజు వద్దు, అన్నిటికంటే మామూలు రోజు చూసుకో అంటుంది. ఎమిలీ తన పన్నెండో పుట్టినరోజుకు వెళ్తుంది. అమ్మ వంటింటి హడావుడిలో మాట్లాడుతూనే ఉంటుంది గానీ కూతురి మొహంలోకి చూడదు. ఒక్కసారి నన్ను చూడమ్మా అని ఆ పిల్ల బతిమాలుతుంది. ఆ వేషం వేసింది మన తెలుగమ్మాయే. గుంటూరు నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మ నా పక్కనే కూర్చున్నారు. ఇంగ్లిష్ పెద్దగా రాని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉన్నారు.

మా అమ్మాయిది చిన్న వేషం. శ్మశానం సీనులో చనిపోయినవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్లలో తనొకతి. కదలకుండా, ఎటూ చూడకుండా కూర్చోవడానికి నెలల తరబడి రిహార్సల్స్ చేసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి, "అమ్మా, నువ్వు ఫోన్ పక్కన పెట్టి అన్నం తిను" అంది. అప్పటినుంచి మా ఇంట్లో భోజనాల బల్ల మీదకు ఫోన్ రావడం లేదు. ఏ ట్యూషన్‌లో నేర్పుతారు ఇది?

వచ్చే నెల బోర్డు మీటింగులో జనానికి మాట్లాడే అవకాశం ఇస్తారు. మనవాళ్లు కనీసం పదిమందైనా రండి. ఇలాంటి నాటకానికి కావలసింది దాన్ని వేసుకోవడానికి కట్టే హక్కుల ఫీజు, టీచరుకు సాయంత్రాల జీతం, ఆడిటోరియం లైట్లు. సంక్రాంతికీ ఉగాదికీ సినిమా గాయకులను పిలిపించే మన సంఘాలు అందులో కొంత భరిస్తామని ముందుకొస్తే, కాదనడం బోర్డుకు కష్టమవుతుంది. ఆ మాట సంఘాల పెద్దలను అడగడానికి నేను వెళ్తున్నాను, తోడు వచ్చేవాళ్లు కావాలి.

— ఒక తల్లి, న్యూజెర్సీ