పార్టులు కారు మోడల్‌ను బట్టి కాదు, ఇంజిన్ బ్లాకును బట్టి కొనాలి

సంపాదకులకు,

అయ్యా,

పాత అంబాసిడర్లను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారి కోసం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాం. చాలా సంగతులు బాగా చెప్పారు. ఒక సలహా మాత్రం పాఠకుల జేబుకు చిల్లు పెట్టేలా ఉంది. ఆర్‌సీలో ఉన్న తయారీ సంవత్సరం చెప్పి షాపులో ఇంజిన్ సామాను అడగమన్నారు. కంపెనీ బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉంటే అది సరే. కానీ డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో ఎన్నో కార్లలో పెట్రోలు ఇంజిన్ దించి డీజిల్ ఎక్కించారు. కొన్నిట్లో మేటడార్ వ్యాను ఇంజిన్ పెట్టారు. తుక్కుకు పోయిన కాంటెస్సా కార్ల ఇసుజు (జపాన్ కంపెనీ) ఇంజిన్లు కొన్ని అంబాసిడర్లలోకి వచ్చాయి. కాబట్టి 1968 మోడల్ అన్నంత మాత్రాన బానెట్ కింద 1968 నాటి ఇంజిన్ ఉందని అనుకోకూడదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి అంబాసిడర్‌తో వచ్చిన ముఖ్యమైన ఇంజిన్లు ఇవి. మొదట్లో 1476 సీసీ సైడ్ వాల్వు (వాల్వులు హెడ్డులో కాక సిలిండర్ల పక్కన బ్లాకులో ఉండే) పెట్రోలు. 1959 నుంచి బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి 1489 సీసీ బీ-సిరీస్ పెట్రోలు. 1980 ప్రాంతంలో అదే 1489 సీసీతో బీఎంసీ డీజిల్. తొంభైల్లో ఇసుజు 1817 సీసీ పెట్రోలు, ఆ తర్వాత ఇసుజు 1995 సీసీ డీజిల్.

కంటితో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. హెడ్డు (సిలిండర్ల పైమూత) పైన రాకర్ కవరే లేకుండా బల్లపరుపుగా ఉండి, ప్లగ్గులు పైనుంచి నిలువుగా దిగితే అది సైడ్ వాల్వు. బీ-సిరీస్ పెట్రోలుకు రాకర్ కవరును పైన రెండు నట్లు పట్టి ఉంచుతాయి. డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు మన ఎడమచేతి వైపున కార్బురేటర్, సైలెన్సర్ మానిఫోల్డు, వాటి కింద బ్లాకుకు (సిలిండర్లున్న ఇనుప దిమ్మకు) రెండు ట్యాపెట్ కవర్లు ఉంటాయి. కుడిచేతి వైపున డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ మోటారు. డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్ లేకుండా డీజిల్ పంపు, నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు కనిపిస్తే డీజిలే. ఇసుజులకు క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) హెడ్డులోనే ఉంటుంది, బీ-సిరీస్‌లో లాగా బ్లాకులో పుష్ రాడ్లు ఉండవు. వీటిలో పెట్రోలు ఇంజిన్‌కు టైమింగ్ చైను, డీజిల్‌కు ముందు కవరు కింద పళ్ల బెల్టు. ఇసుజు డీజిల్ ఇంజిన్ చరిత్ర తెలియకుండా కొంటే ముందు ఆ బెల్టు మార్చాలి. తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగుతాయి.

మోసపోయేది కొలతల దగ్గర. బీ-సిరీస్ పెట్రోలుకూ, డీజిల్‌కూ సీసీ ఒకటే, బోరూ (సిలిండర్ లోపలి వెడల్పు), స్ట్రోకూ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కూడా ఒకటే: 73.025 మి.మీ., 88.9 మి.మీ. ఆర్‌సీలో 1489 అని ఉన్నంత మాత్రాన ఏది ఉందో తేలదు. ఇసుజు పెట్రోలు, డీజిల్ రెండింటికీ బోరు 84 మి.మీ. స్ట్రోకే వేరు, పెట్రోలుకు 82, డీజిల్‌కు 90. బోరు కలిసిందని పెట్రోలు పిస్టన్లు డీజిల్‌కు కొనేవాళ్లున్నారు. పిన్ను నుంచి పైతలం దాకా ఎత్తు, రింగు గాడులు, పైతలం ఆకారం ఏవీ కలవవు.

ఇంకో చిక్కు ఉంది. సైడ్ వాల్వు ఇంజిన్ అసలు బోరు 73.5 మి.మీ. బీ-సిరీస్ బోరును 0.020 అంగుళం పెద్దది చేయిస్తే 73.53 మి.మీ. అవుతుంది. విడిగా అమ్మకానికొచ్చిన పిస్టన్‌ను వెర్నియర్‌తో కొలిస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే బోరుతో పాటు స్ట్రోకూ చూడాలి. హెడ్డు తీసి ఉన్నప్పుడు పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి ఒకసారి, పూర్తిగా కిందికి దించి ఒకసారి బ్లాకు పైతలం నుంచి లోతు కొలవండి. ఆ రెండింటి తేడాయే స్ట్రోకు. అది 87 అయితే సైడ్ వాల్వు, 88.9 అయితే బీ-సిరీస్.

బోరు కొలిచేటప్పుడు రింగులు తాకే పైభాగంలో కొలిస్తే అరిగిన కొలతే వస్తుంది. పైన అరగని అంచు, దాని కిందే అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు ఉంటాయి. రింగులు చేరని అడుగు భాగంలో ఇంజిన్‌కు అడ్డంగా ఒకసారి, ఇంజిన్ పొడవు దిశలో ఒకసారి కొలిస్తే చివరిసారి బోరు కొట్టించిన సైజు తెలుస్తుంది. పిస్టన్ తలపై మసి గోకి చూస్తే చాలావాటికి స్టాండర్డ్ అనో, 020 (0.020 అంగుళం పెద్దది) అనో, 040 అనో గుద్ది ఉంటుంది. ఇప్పటికే 040లో ఉన్న బ్లాకుకు మళ్లీ బోరు కొట్టించడానికి మిగిలేది తక్కువే, లైనర్ల (సిలిండర్లలో కొత్తగా దించే గొట్టాల) ఖర్చు ముందే లెక్కేసుకుని ధర మాట్లాడాలి.

క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) విషయంలో మరింత జాగ్రత్త పడాలి. బీ-సిరీస్ 1489 పెట్రోలుకు మూడే మెయిన్ బేరింగులు. మెయిన్ జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) 50.8 మి.మీ., కనెక్టింగ్ రాడ్ జర్నల్ సుమారు 47.65 మి.మీ. గ్రైండింగ్ ఒక్కో మెట్టుకు 0.010 అంగుళం, అంటే 0.254 మి.మీ. తగ్గుతుంది. మైక్రోమీటర్‌తో ప్రతి జర్నల్‌నూ కొలిచాకే షెల్ బేరింగులు (జర్నల్ చుట్టూ వేసే అర్ధచంద్రాకారపు పలుచని రేకులు) అడగండి. పాత షెల్ వీపు మీద సైజు గుద్ది ఉంటుంది, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. మెయిన్‌లు ఒక సైజు, రాడ్డువి వేరే సైజు అయ్యుండొచ్చు. బిగువైన షెల్ వేస్తే ఆయిల్ పొర నిలవక క్రాంకు పట్టేస్తుంది. వదులైతే ఇంజిన్ వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు అనవసరంగా ఆయిల్ పంపు మార్చేస్తుంటారు.

ఇదే మూడు బేరింగుల ఇంజిన్‌లో వెనక మెయిన్ దగ్గర రబ్బరు సీలు లేదు. క్రాంకు మీద కోసిన మర ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతుంది. అక్కడ నుంచి ఆయిల్ కారుతుంటే ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా ఆగదు. వెనక బేరింగు అరిగి ఉండాలి, లేదా బ్రీదర్ గొట్టం పూడుకుపోయి లోపల గాలి ఒత్తిడి పెరిగి ఉండాలి. బ్రీదర్ శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు, ముందు అది చూడండి.

పానాలతోనూ ఇంజిన్ తెలుస్తుంది. ఇసుజు నట్లకు 12, 14 మి.మీ. పానాలు చక్కగా కూర్చుంటాయి. బీ-సిరీస్‌కు అరంగుళం, 9/16 అంగుళం కావాలి. అరంగుళమంటే 12.7 మి.మీ., 12 పానా ఎక్కదు, 13 పానా వదులై నట్టు మూలలు తినేస్తుంది. 5/16 అంగుళం మర ఉన్న రంధ్రంలో 8 మి.మీ. బోల్టు మొదటి రెండు చుట్లు చేత్తోనే దిగుతుంది, ఆ తర్వాత బిగిస్తే మర నాశనం. లావులో తేడా 0.06 మి.మీ. మాత్రమే కానీ చుట్ల దూరం ఒకదానికి 1.06, ఇంకోదానికి 1.25 మి.మీ. ఇంజిన్ మారిన కార్లలో రెండు రకాల బోల్టులూ కలిసి ఉంటాయి, ఊడదీసినవాటిని ఏ రంధ్రానివి ఆ రంధ్రానికే గుర్తు పెట్టుకోవాలి.

క్లచ్ కొనేటప్పుడు ఒక సూత్రం: ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలును బట్టి, క్లచ్ ప్లేటు మధ్య పళ్లు గేరుబాక్సు షాఫ్టును బట్టి. ఇంజిన్ ఒక బండిది, గేరుబాక్సు ఇంకో బండిది అయితే రెండూ ఒకే పెట్టెలో దొరకవు. ఫ్లైవీలు రింగు పళ్లు, సెల్ఫ్ మోటారు పినియన్ పళ్లు సరిపోకపోతే కొద్ది రోజులకే రింగు చెడుతుంది.

ఇక నంబరు. ఇంజిన్ నంబరు ఉన్న చోట గ్రీజు, పెయింటు కిరోసిన్‌తో, థిన్నర్‌తో తుడవాలి. గ్రైండర్ పెడితే నంబరు పోతుంది, దొంగబండి అనుమానం వస్తుంది. శుభ్రమయ్యాక కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసి ఆర్‌సీతో పోల్చండి. తేడా ఉంటే కొనేముందే అమ్మేవాళ్లతో ఆర్టీఏలో నమోదు చేయించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంజిన్ మార్పు గురించి కూడా చెబుతుంది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. డీజిల్ ఎక్కించిన 1965 మోడల్‌ను వింటేజ్ ధరకు కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

తయారీ సంవత్సరం చెప్పమన్న ఆ సలహాకు సవరణగా, షాపుకు వెళ్లేటప్పుడు ఇంజిన్ నంబరు ప్రింటు, బోరు, స్ట్రోకు, రెండు రకాల జర్నళ్ల కొలతలు రాసుకుని, వీలైతే పాత పార్టు కూడా వెంట తీసుకెళ్లమని మీ పాఠకులకు తెలపగలరు.

ఇట్లు,
పాత కార్ల ఇంజిన్ పని చేసే ఇద్దరు మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ