రైమ్స్ ఇరవై వచ్చు, ఒకటికి పోతానని అడగడం రాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను దేవరకొండ చుట్టుపక్కల సర్కారు బడుల్లో చాలా ఏళ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరైన టీచర్‌ని, ఇప్పుడు నల్లగొండలో కొడుకు దగ్గర ఉంటున్నా. పోయిన నెల నా మనవరాలి నర్సరీలో, ఆ స్కూల్ పేరు ఇక్కడ అవసరం లేదు, రైమ్స్ ప్రోగ్రాం అని పెట్టి మమ్మల్నందరినీ పిలిచారు. మూడున్నరేళ్ల పిల్ల మైకు ముందు నిలబడి గడగడా ఐదు ఇంగ్లీష్ రైమ్స్ చెప్పింది, చప్పట్లు కొట్టాం, ఆరోది చెబుతుండగా గౌను తడిసిపోయింది. ఏడుస్తూనే పాట పూర్తి చేసింది. ఇంటికొచ్చాక ఒళ్లో కూర్చోబెట్టుకుని, టీచర్‌కు చెప్పొచ్చు కదా బిడ్డా అంటే, "ఎట్ల చెప్పాలె నానమ్మా?" అంది. ఇరవై రైమ్స్ నేర్చుకున్న పిల్లకు ఈ ఒక్క మాట బడిలో ఎవరూ నేర్పలేదు, ఇంట్లో మేమూ నేర్పలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇంగ్లీష్ రైమ్స్ మీద నాకు కోపం లేదు. పాటను పసిపిల్లల చేత చుట్టాల ముందు చెప్పించడానికే వాడుతున్నామని బాధ. బడిలో అడుగుపెట్టే పిల్లకు ముందు కావాల్సింది ఏబీసీడీలు కాదు. తన పేరు చెప్పగలగాలి, గేటు దగ్గర అమ్మ చెయ్యి వదలగలగాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి, ఆడుకున్నది తీసిన చోట పెట్టాలి, చేతులు కడుక్కోవాలి, కావాల్సింది నోరు తెరిచి అడగాలి. ఇవి వస్తే అక్షరాలు వెనకే వస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, 2021లో వచ్చిన విద్యా ప్రవేశ్ కార్యక్రమమైతే ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఆటలతో పిల్లల్ని బడికి సిద్ధం చేయమంది. కాగితం మీద ఇంత మంచిగా ఉంటే, మన వీధుల్లో మూడేళ్ల పిల్లలకు రెండేసి పేజీల హోంవర్క్ ఇస్తున్నారు.

నేను పనిచేసిన బడికి పక్క తండా నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలి, బడిలో తెలుగు. ఒక పిల్లగాడు మొదటి రోజంతా "యాడీ, యాడీ", అంటే అమ్మా అమ్మా అని, తలుపు పట్టుకుని ఏడ్చాడు. కూర్చో అంటే వాడికి అర్థం కాదు, వాడు అడిగేది మాకు అర్థం కాదు. రోజూ పొద్దున హాజరు పిలవడం మానేసి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, బతుకమ్మ వరసలో "మన బడికి ఎవలొచ్చె ఉయ్యాలో" అని నేను పాడి ఆపేదాన్ని. వంతు వచ్చిన పిల్ల తన పేరు చెప్పాలి, ఆ పేరుతో అందరం పాడాలి, చప్పట్లు కొట్టాలి. వీడి దగ్గరికొచ్చేసరికి నిశ్శబ్దం. నేను వాడి బదులు చెప్పలేదు, చెప్పమని బెదిరించలేదు, కాసేపు ఆగి నవ్వి పక్క పిల్లకు పోయేదాన్ని. పదకొండు రోజులు అట్లనే గడిచింది. పన్నెండో రోజు వాడు తల కిందికి వేసుకునే, నాకే వినపడీ వినపడనట్టు, పేరు చెప్పాడు. ముప్పై మంది ఆ పేరును గట్టిగా పాడేసరికి తలెత్తి చుట్టూ చూసిన ఆ మొహం నాకింకా కళ్ల ముందే ఉంది. ఆ వారంలోనే దాహమైతే నా కొంగు లాగి "పాణి" అన్నాడు, నేను నీళ్లు అన్నాను, వాడూ నీళ్లు అన్నాడు.

పాటలో ఖాళీ వదలడం ముఖ్యమని నాకు అప్పుడే తెలిసింది. ఫోన్‌లో పాట పెడితే ఈ ఖాళీ ఉండదు. వీడియో పిల్ల కోసం ఆగదు, పిల్ల తప్పు పాడినా సరిగా పాడినా దానికి ఒకటే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు స్క్రీన్ ముందు రోజుకు గంటకు మించి కూర్చోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిదంది. మనమేమో ముద్ద ముద్దకూ ఫోన్ పెడుతున్నాం. తల్లి గొంతు బాగుండాల్సిన పని లేదు, పిల్లకు ఆ గొంతే కావాలి.

మధ్యాహ్న భోజనం ముందు చేతులు కడిగించడం మా బడిలో పెద్ద తిప్పలు. నీళ్లు ముట్టుకుని పరుగెత్తేవాళ్లు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలంటారు, ఐదేళ్ల పిల్లకు సెకన్లు ఏం తెలుస్తాయి? పాట అయ్యేదాకా రుద్దు అంటే తెలుస్తుంది. నేనే నాలుగు లైన్లు కట్టుకున్నా:

అరచేయి రుద్దు, వెనక చేయి రుద్దు,
వేలూ వేలూ మధ్యన రుద్దు,
బొటనవేలికి స్నానం పొయ్యి,
గోళ్ల సందున మట్టిని తియ్యి.

రెండుసార్లు పాడితే 20 సెకన్లు దాటుతుంది. కానీ కుర్చీలో కూర్చుని పాడితే ఒక్కరూ కదలరు, నల్లా దగ్గర నిలబడి మనమూ చేతులు రుద్దుకుంటూ పాడాలి. పలకలు సర్దే పాటైనా అంతే, మొదటి పలక టీచరే తీయాలి. రోజూ అదే వేళకు అదే పాట రావాలి. వారం తిరిగేసరికి పాట ఎత్తుకోగానే ఎవరూ చెప్పకుండా పిల్లలు లేస్తారు, అరిచే పని ఉండదు.

అసలు మన దగ్గర ఇదంతా ఎప్పటి నుంచో ఉన్నదే. కాళ్ళగజ్జె ఆటలో పిల్లలు వరసగా కాళ్లు చాపుకుని కూర్చుంటే ఒకరు పాడుతూ ఒక్కో కాలును తాకుతూ పోతారు, పాట ఎక్కడ ఆగితే ఆ కాలు ముడవాలి. ఒక దెబ్బకు ఒక కాలు, లెక్కకు మొదటి మెట్టు అదే. వంతు కోసం ఆగడమూ అందులోనే వస్తుంది, ముడిచినందుకు ఏడవకుండా ఉండడం కూడా. ఇక బతుకమ్మ చూడండి, ఒకామె చెప్తుంది, మిగతావాళ్లు అందుకుంటారు. అమ్మల మధ్యలో దూరిన చిన్నపిల్లలు ముందువాళ్లను తొక్కకుండా అడుగేస్తూ, అందరితో కలిసి చప్పట్లు కొడతారు. వాళ్లకు ఎవరూ క్లాసు పెట్టలేదు.

అంగన్‌వాడీలు 1975లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద మొదలయ్యాయి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు కూడా వాళ్ల పనే. కానీ టీచర్లకు గుడ్లు, పాలు, బరువులు, యాప్‌లో ఎంట్రీలు, వీటితోనే పొద్దు పోతుంది. ఈ టీచర్లకు పెట్టే సెక్టార్ మీటింగుల్లో రికార్డుల లెక్కతో పాటు ఓ అరగంట పాటకు ఇవ్వమని ఐసీడీఎస్ అధికారులను అడుగుతున్నా. ఒక్కో టీచర్ తన ఊళ్లో ముసలమ్మల దగ్గర విన్న పాట ఒకటి తెస్తే చాలు. తండాల్లోనైతే గోర్‌బోలి పాటే ముందు రావాలి, తెలుగు మెల్లగా దాని పక్కన చేరుతుంది.

మా మనవరాలి సంగతి చెప్పాలి. బొమ్మను టీచర్‌ని చేసి ఇద్దరం రోజూ ఆట కట్టాం: "కడుపు బరువైతే ఆగొద్దు, చెయ్యి పైకి ఎత్తాలె, ఒకటికి పోతా టీచర్ అని గట్టిగ జెప్పి పోవాలె." మొన్న ఒక పెళ్లిలో, ఫంక్షన్ హాల్ నిండా జనం, అంత దూరం నుంచి చిటికెన వేలు పైకెత్తి చూపిస్తూ నా దగ్గరికి నడిచొచ్చింది.

మీ పేపర్‌లో పిల్లల పేజీ వస్తుంది కదా, అందులో వారానికొక ఇలాంటి పని పాట వేయండి. నా నోట్‌బుక్‌లో ముప్పై దాకా ఉన్నాయి, పంపమంటే రాసి పంపిస్తా.

- ఒక రిటైర్డ్ టీచర్, నల్లగొండ