జన్యువులతో పాటు సంకేతాలూ

సంపాదకులకు,

పిండంలో మెదడు ఎదుగుదలను జన్యువుల చలవగా మాత్రమే వివరించే వ్యాసాలు కణాల మధ్య నడిచే సంకేతాలను విస్మరిస్తున్నాయి. క్షీరదాల నాడీనాళంలో (పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే గొట్టంలో) అడుగు నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్, పైభాగం నుంచి బీఎంపీ, వింట్ అనే ప్రోటీన్ సంకేతాలు వ్యాపిస్తాయి. ఒక కణం కండరాన్ని కదిలించే నాడీకణమవుతుందా, మరో రకమవుతుందా అన్నది వాటి గాఢతను బట్టి, అవి అందిన కాలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. నాడీకణంగా మారుతున్న కణం నాచ్ అనే, ఆనుకుని ఉన్న కణాల మధ్య నడిచే సంకేతం ద్వారా పొరుగు కణాలను మూలకణాలుగానే (ఇంకా నాడీకణాలుగా మారని కణాలుగానే) నిలిపి ఉంచుతుంది, ఈ అడ్డు లేకపోతే వాటి నిల్వ ముందే తరిగిపోతుంది. పుట్టిన జ్ఞాన నాడీకణాలు (నొప్పి వంటి అనుభూతులను చేరవేసేవి) బతకడానికి సైతం నాడీ వృద్ధి కారకం అనే ప్రోటీన్ అవసరం. శాస్త్రవేత్తలు రీటా లెవీ మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ లభించింది ఇటువంటి కారకాలను కనుగొన్నందుకే.

– ఒక పాఠకుడు