ఇంటి అలంకరణకు సున్నం, కడప బండ చాలు

సంపాదకులకు నమస్కారం.

పండుగల ముందు ఇంటి అలంకరణపై పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఖరీదైన వాల్‌పేపర్ల చుట్టూనే తిరుగుతున్నందున, కడపలో రెండు గదుల ఇంట్లో ఉంటున్న మాలాంటివారికి అవి చూసి ఆనందించడానికే పనికొస్తున్నాయి. ఈసారి వెల్ల మేమే వేసుకున్నాము. రాతిసున్నాన్ని ముందురోజే నీళ్లలో వేసి (అది కుతకుత ఉడికేటప్పుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు), మరునాడు పలచటి గుడ్డలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపి, తడిపిన గోడకు రెండు పూతలు పూశాము. తడిలో గోడ మరకలన్నీ కనబడి మా అత్తమ్మ కంగారుపడినా, ఆరాక తెల్లగా తేలింది. ప్లాస్టిక్ పెయింటు వేసిన గోడకు మాత్రం సున్నం పట్టదు, పెచ్చులుగా రాలిపోతుంది.

ఇక వంటింటి గట్టుకు పరిచిన నల్లటి కడప బండలు సున్నపురాయి జాతివి కనుక యాసిడ్ పోసినా, నిమ్మరసం రుద్దినా మెరుపు పోయి మచ్చలు పడతాయి. ఆ పొరపాటు నేనూ చేశాను. పొయ్యి పక్కన అరచేతంత మచ్చ మీద ఇప్పుడు ఉప్పుజాడీ కూర్చుంది. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక కొబ్బరినూనె గుడ్డతో పలచగా అద్దితే గట్టు మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది.

ఇటువంటి పనులను కొలతలతో, ఖర్చుతో సహా వారానికొకటి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గృహిణి, కడప