స్లాక్‌లైన్ పిల్లలకు కర్నూలులో కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా కర్నూలులో కొందరు కాలేజీ పిల్లలు సాయంత్రాలు స్లాక్‌లైన్ సాధన చేస్తున్నారు. రెండు చెట్ల మధ్య పాలిస్టర్ పట్టీని రాచెట్‌తో, అంటే పట్టీని లాగి పట్టే బిగింపు పరికరంతో బిగించి, మోకాలెత్తున దాని మీద నడిచే ఆట ఇది. అమెరికాలోని యోసెమిటీలో కొండలెక్కే కుర్రాళ్లు 1980 ప్రాంతంలో తీరిక వేళల్లో మొదలుపెట్టారు. మన దొమ్మరాటలో తాడు బిగుసుకుని ఉంటుంది, చేతిలో గడ ఉంటుంది. ఇక్కడ గడ లేదు, పైగా పట్టీ సాగుతుంది, ఊగుతుంది. కొత్తవాళ్లు ఎక్కగానే పాదం కింద పట్టీ అటూ ఇటూ గజగజలాడిపోతుంది. చూపు అవతలి చెట్టు మీద నిలిపితే గానీ కుదురుకోదు. ఆ కాసేపూ పిల్లలకు ఫోను గుర్తు రాదు. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు అది చాలా పెద్ద సంగతి.

చెట్లు పాడవుతాయని ఒక పార్కులో వీళ్లను పంపించేశారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 60 కిలోల మనిషి 15 మీటర్ల పట్టీ మధ్యలో నిలబడి, అది అర మీటరు వంగిందనుకోండి, ఒక్కో చివర పడే లాగుడు దాదాపు 450 కిలోలు! ఎగిరితే ఇంకా ఎక్కువ. లేత చెట్టుకు, దీపస్తంభానికి, ప్రహరీ గోడకు కట్టే మాటే వద్దు. చుట్టుకొలత కనీసం మూడడుగులున్న ఆరోగ్యమైన చెట్టు చూసుకుని, గోనెసంచి మడతలు పెట్టి కడితే బెరడుకు దెబ్బ తగలదు. పని కాగానే విప్పేయాలి.

మరి అలాంటి చోటు ఎక్కడుంది? పార్కుల్లో నడకదారంతా టైల్సే, పడితే మోచేయి విరుగుతుంది. ఎండాకాలం తుంగభద్ర ఇసుక మెత్తగానే ఉంటుంది కానీ కట్టడానికి చెట్టుండదు, ఉన్నవన్నీ కంపచెట్లే. వానాకాలం ఎగువనున్న సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదులుతారు కాబట్టి నదిలోకి దిగనే కూడదు. ఓర్వకల్లు రాళ్ల మధ్య కట్టాలని పిల్లలకు ఆశ. కానీ అలా ఎత్తున కట్టే పట్టీకి, అంటే హైలైన్‌కు, నడుముకు హార్నెస్, తాడు, తర్ఫీదు పొందిన మనిషి కావాలి, నేర్చుకునేవాళ్లకు అది తగదు. ఇక మిగిలినవి సి క్యాంపు వైపు పాత వేపచెట్లు. నీడ బాగుంటుంది, కానీ వేసవిలో కింద నేల రాయిలా గట్టిపడుతుంది. తవ్వి ఇసుక పోస్తే తప్ప పనికిరాదు.

అందుకే నగరపాలక సంస్థకు, క్రీడా శాఖకు నా విన్నపం ఒక్కటే. ఏదో ఒక మైదానం మూలన రెండు గట్టి ఇనుప స్తంభాలు కాంక్రీటులో లోతుగా పాతించండి, మధ్యలో అడుగు మందాన ఇసుక పోయించండి. లాంగ్‌జంప్ గుంత తవ్వించడం కంటే పెద్ద పనేం కాదు. స్తంభాలు ఎంత లాగుడు తట్టుకోవాలో ఇంజనీరు చేత లెక్క కట్టించండి. అంతవరకు పెద్ద చెట్లున్న కాలేజీల వాళ్లు సాయంత్రం ఒక గంట గేటు తీసి ఉంచినా చాలు, పట్టీలు, గోనెసంచులు పిల్లలే తెచ్చుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
కర్నూలు